మూలన పడ్డ డీజిల్ పికప్: ఇప్పటిదాకా అయిన పని

బండి ఇంటికి చేరింది. సొంతంగా నడిచి కాదు, ఇంకో లారీ మీద ఎక్కించి తెచ్చాం. పాత డీజిల్ పికప్, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు, సిలిండర్లకి డీజిల్ కొట్టేది మెకానికల్ పంపు, సెన్సర్లూ కంప్యూటర్లూ ఏవీ లేవు. ఏళ్ల తరబడి కదలకుండా చెట్టు కింద పడుంది కాబట్టి దాదాపు తుక్కు రేటుకే వచ్చింది. అమ్మినాయన "కొత్త బ్యాటరీ వేస్తే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది" అన్నాడు. పాత బండి అమ్మేవాళ్లు అందరూ అనేదే, దాన్ని పట్టించుకోకుండా నేను చిన్న సుత్తి పట్టుకుని బండి కిందకి దూరా.

ఇంజిన్ పోతే ఇంకోటి తెచ్చి వేసుకోవచ్చు, ఛాసీని తుప్పు తినేస్తే మాత్రం ఆ బండి ఎంత చవగ్గా వచ్చినా దండగే. వెనక కమాను పట్టీలు ఛాసీకి తగులుకునే చోట, మట్టీ ఆకులూ నిలిచే మూలల్లో సుత్తితో కొట్టుకుంటూ పోవాలి. ఖంగుమంటే ఇనుము గట్టిగా ఉన్నట్టు, దబ్బుమని మొద్దుగా మోగితే లోపల పొరలు పొరలుగా ఊడిపోతోందని అర్థం. మనది ఖంగుమంది. తొట్టి అడుగు రేకుకి చిల్లులున్నాయి గానీ అవి వెల్డింగుతో పోతాయి.

తెచ్చినప్పటి నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న, స్టార్ట్ అయిందా అని. నేను ముందు బ్రేకుల పని పెట్టుకున్నా. ఇంజిన్ అందుకున్నాక గేరు వేసి రెండడుగులు కదపకుండా ఉండటం ఎవరి తరమూ కాదు, అప్పుడు ఆపే దారి లేకపోతే గోడే ఆపాలి.

వెనక బ్రేకు డ్రమ్ములు రెండూ తుప్పుతో షూలకి (లోపలి నుంచి డ్రమ్ముని ఒరుసుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) అతుక్కుపోయాయి. డ్రమ్ము వెనక ఉండే బ్యాక్ ప్లేట్‌కున్న రబ్బరు మూత తీసి, స్క్రూడ్రైవర్‌తో షూల బిగువు సరిచేసే అడ్జస్టర్ చక్రాన్ని వదులు చేసి, డ్రమ్ముకున్న రెండు మరల రంధ్రాల్లో 8 ఎంఎం బోల్టులు ఎక్కించి అటు అర చుట్టు ఇటు అర చుట్టు బిగిస్తూ పోతే డ్రమ్ము దానంతటదే బయటికి వచ్చింది. సుత్తితో అంచు మీద బాదితే డ్రమ్ము పగులుతుంది. లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, నీళ్లు చల్లి తడి గుడ్డతో తుడవడమే మంచిది.

ఆయిల్ ఒత్తిడితో షూలని నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు బూట్ ఎత్తి చూస్తే ఆయిల్ ఉండాల్సిన చోట గోధుమరంగు జిగురు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, ఏళ్లకేళ్లు మార్చకపోతే లోపల గుంటలు గుంటలుగా తుప్పు పడుతుంది. గుంట పడ్డ సిలిండర్‌ని రుద్ది వాడటం నాకు నచ్చదు, కొత్తవి వేశా. ఒక ఇనప పైపు నట్టుతో పాటే మెలితిరిగి తెగింది, అదీ కొత్తదే. ముందు హోస్ పైపులు పైకి బాగానే కనిపించాయి, కానీ పాత హోస్ లోపల ఉబ్బి, తొక్కినప్పుడు ఆయిల్‌ని పోనిచ్చి వదిలినప్పుడు వెనక్కి రానివ్వదు, చక్రం పట్టేసి ఉంటుంది. అనుమానం ఎందుకని మార్చేశా.

బ్రేకు పైపుల్లో గాలి తీసేటప్పుడు పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టా. పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టేది మాస్టర్ సిలిండర్, పాతదాన్లో పిస్టన్ ఎప్పుడూ పోని లోతుల్లో తుప్పు ఉంటుంది, పెడల్‌ని నేలదాకా తొక్కితే రబ్బరు కప్పులు అక్కడ గీసుకుని చిరుగుతాయి. మాస్టర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరిదానితో ముగించాం. పెడల్ ఇప్పుడు గట్టిగా పైనే నిలుస్తోంది.

తర్వాత ట్యాంకు దింపాం. అడుగున నీళ్లు, వాటి మీద నల్లటి జిగట. నీళ్లూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి ఈ జిగట తయారవుతుంది, ఇది పంపులోకి పోతే ఖర్చు మామూలుగా ఉండదు. ట్యాంకు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పైపులు ఊది, కొత్త ఫిల్టర్ వేసి, చేతి పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా గాలి తీశా.

సెల్ఫ్ జోలికి అప్పటికింకా పోలేదు. హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజిన్ అందుకోవడానికి సిలిండర్ లోపల వేడి చేసేవి) విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి నాననిచ్చి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పొడుగు హ్యాండిల్ తగిలించి మెల్లగా తిప్పితే మొదట మొరాయించి తర్వాత కదిలింది. టైమింగ్ బెల్టు పళ్ల దగ్గర పగుళ్లున్నాయి, తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి కాబట్టి అదీ ఇప్పుడే మార్చా. ప్లగ్గులు మీటర్‌తో చూస్తే మంచివి ఒక ఓం అటూ ఇటూ చూపించాయి, రెండు చచ్చాయి.

ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పా (ముందు రంధ్రాల మీద గుడ్డ కప్పండి, లేకపోతే పోసిన ఆయిలంతా మీ మొహానికే). సెల్ఫ్ నీరసంగా తిరిగింది. బ్యాటరీ 12.6 ఓల్టులు, ఫుల్లు. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య కొలిస్తే 0.9 ఓల్టులు, అక్కడ 0.2 దాటకూడదు. ఎర్త్ పట్టీ కింద తుప్పు. ఇనుము మెరిసేదాకా గీకి బిగించాక చక్కగా తిరిగింది.

కొత్త ప్లగ్గులు వేసి స్టార్ట్ చేసే రోజు ఇంజిన్‌లోకి గాలి వెళ్లే పైపు పక్కనే దాన్ని మూసేంత చెక్క పెట్టుకున్నాం. డీజిల్ ఎంత పోవాలో అదుపు చేసే పంపు ర్యాక్ పట్టేస్తే తాళం తీసినా ఇలాంటి డీజిల్ ఆగదు, గాలి మూసి ఆపాల్సిందే. ఆ అవసరం రాలేదు. తెల్లటి పొగ కక్కుతూ ముందు రెండు సిలిండర్లు, తర్వాత మూడోది, చివరికి నాలుగోది అందుకుని కుదురుకుంది.

గేరు మాత్రం పడలేదు. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి తుప్పుతో అంటుకుపోయింది. ఖాళీ స్థలం చూసుకుని, ముందు మనుషులెవరూ లేకుండా, ఇంజిన్ వేడెక్కాక ఆపి, టాప్ గేరులో పెట్టి, క్లచ్చూ బ్రేకూ రెండూ గట్టిగా తొక్కి సెల్ఫ్ కొట్టా. బండి ఒక్క ఊపు ఊగి ఠక్కుమంది, ప్లేటు విడిపోయింది. బ్రేకులు ముందే చేసి ఉండకపోతే ఈ పద్ధతి జోలికే పోయేవాణ్ణి కాదు.

టైర్ల పూలు బాగున్నాయి గానీ పక్క మీద చివరి నాలుగంకెలు 2309, అంటే 2009లో 23వ వారం. గోడలు పగిలాయి, ఆవరణలో జరపడానికి తప్ప పనికిరావు. వెనక ఇరుసు మధ్య గేర్లుండే క్రౌన్‌లో ఆయిల్ బూడిదరంగులో ఉంది, నీళ్లు చేరాయి, దాని గాలి రంధ్రం (బ్రీదర్) మూసుకుపోయినట్టుంది. అది తీసి 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోయాలి. మీరూ చేస్తుంటే, పోసే బోల్టు ఊడుతుందని చూసుకున్నాకే కింద బోల్టు విప్పండి. ఆ తర్వాత డాష్‌బోర్డు వెనక ఎలుకలు కొరికిన వైరింగు ఉంది, దాన్ని చూస్తేనే టెన్షన్ వస్తోంది.