వదిన పోటీకి నిలబడితే ఖర్చుల పుస్తకం నేను రాశాను

2019 జనవరి పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచ్ స్థానం బీసీ మహిళకు రిజర్వు అయింది. ఆ కబురు తెలిసిన సాయంత్రానికే కొందరు మగవాళ్లు "ఈసారి నేనే నిలబడుతున్నా" అంటూ ఊరంతా తిరిగారు. నామినేషన్ వేయాల్సిన భార్యలు మాత్రం ఇళ్లలో వంట చేసుకుంటున్నారు.

మాది తెలంగాణలో నర్సంపేట వైపు ఊరు. పత్తి, మిర్చి, బోరు కింద కాస్త వరి. నేను బట్టలు కుడతాను. కూలికి వెళ్లే ఆడవాళ్లు జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చి నా దగ్గరే కూర్చుని మాట్లాడుకుంటారు. మాటలెప్పుడూ కూలి దగ్గరికే వస్తాయి. ఒకే చేనులో మగవాడికి ఇచ్చేదానిలో సగానికి కాస్త ఎక్కువ ఆడమనిషి చేతిలో పెడతారు. ఉపాధి హామీలో ఆడా మగా తేడా లేదు గానీ, అక్కడ డబ్బు ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ఈ సంగతులు పంచాయతీలో గట్టిగా అడిగే మనిషి కావాలని అందరి కోరిక.

మొదట అనుకున్నది ఉపాధి పనిలో మేట్‌గా, అంటే కూలీల పని చూసుకునే మనిషిగా చేసిన ఒక అక్కను. కొలతలు, హాజరు మస్టర్లు అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. కానీ ఆమెకు ముగ్గురు పిల్లలు. 1995 మే తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అర్హత లేదన్నది అప్పటి నిబంధన. మూడో కాన్పు వద్దని ఆమె ఎంత మొత్తుకున్నా అత్తగారు వినలేదని ఊరందరికీ తెలుసు. శిక్ష మాత్రం ఈమెకే పడింది. అప్పుడు మా పక్కింటి వదినను ఒప్పించాం. చదివింది ఏడో తరగతి. నోరు మంచిది, లెక్క ఇంకా మంచిది.

నామినేషన్‌కు ముందే పెద్దమనుషులు పిలిచారు. ఏకగ్రీవమైతే ప్రభుత్వం పంచాయతీకి 10 లక్షలు ఇస్తుందని ఆ రోజుల్లో ప్రకటన ఉంది. దానికి తోడు ఒకాయన, పదవి తమ ఇంటికి వదిలితే గుడికి కొంత సొమ్ము ఇస్తానన్నాడు. దాన్ని వేలం పాట అని ఎవరూ అనలేదు, అయినా అది వేలం పాటే. "పోటీ పెట్టి ఊరికి పది లక్షలు పోగొడతారా?" అని నిలదీశారు. వదిన తొణకకుండా, "పోగొట్టడం ఎందుకు కాకా, నా పేరుతోనే ఏకగ్రీవం చేయండి" అంది. ఇక ఎవరూ మాట్లాడలేదు.

కాగితాల పని నా మీద పడింది. ఓటర్ల జాబితాలో పేరు, కుల ధ్రువీకరణ పత్రం, ఎన్నికల ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా, ప్రతిపాదించే వ్యక్తి సంతకం. ఆ సంతకం నాదే. డిపాజిట్ సర్పంచ్‌కు 2,000, బీసీలకు సగం కాబట్టి 1,000 కట్టాం. ఇవన్నీ సులువుగానే అయ్యాయి. చేయి ఆగింది ఆస్తుల పత్రం దగ్గర. ఇరవై ఏళ్లుగా వదిన దున్ని, కలుపు తీసి, పత్తి ఏరుతున్న రెండెకరాల పట్టా భర్త పేరున ఉంది. అప్పట్లో పంటకు ఎకరానికి 4,000 చొప్పున రైతుబంధు సాయం పడేదీ అతని ఖాతాలోనే. వదిన పేరున స్థిరాస్తి లేదని రాశాను. అప్పుల గడిలో మాత్రం పొదుపు సంఘం రుణం వచ్చింది. చదివి వినిపిస్తే వదిన నవ్వి, "అయితే నా దగ్గర ఉన్నది అప్పొక్కటేనన్నమాట" అంది.

గుర్తు కత్తెర వచ్చింది. దర్జీ పనిచేసే నాకు అంతకన్నా ఏం కావాలి!

జనాభా 5,000 దాటని ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి 1.5 లక్షల దాకా ఖర్చు పెట్టవచ్చు. మేము ఆ దరిదాపులకైనా పోలేదు. ఆడవాళ్లు వందా, రెండు వందలు తెచ్చి ఇస్తుంటే ఎవరిచ్చింది వారి పేరున రాసుకున్నాను. కరపత్రాలు, ఆటో కిరాయి, మైకు, టీ పొడి, పాలు, చక్కెర, ప్రతి రసీదూ పుస్తకంలో అంటించాను. అవతలి వైపు రాత్రిళ్లు సీసాలు, కోళ్లు ఇళ్లకు చేరాయి. వాటికి రసీదులు ఉండవు.

జనవరి అంటే మిర్చి ఏరే కాలం. పగలు ఇళ్లలో ఎవరూ ఉండరు. అందుకే తెల్లవారకముందే కూలీల ఆటోలు ఆగే చోట నిలబడి మాట్లాడేవాళ్లం. చీకటి పడ్డాక ముసలివాళ్లకు ఓటు వేయడం నేర్పాను. గులాబీ బ్యాలెట్ సర్పంచ్‌ది, తెల్లది వార్డుది. ముద్ర గడి దాటకూడదు, సిరా ఇంకో గుర్తుకు అంటకుండా మడవాలి. చాలామంది ఓట్లు ఆ మడత దగ్గరే చెల్లకుండా పోతాయి.

పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 వరకే. ఉద్యోగులకు అది సెలవు, కూలీకి ఒక రోజు కూలి పోవడం. పొద్దున్నే చేనుకు వెళ్లి, మధ్యలో వచ్చి ఓటేసి వెళ్తామన్న వాళ్లను తిరిగి తీసుకురావడానికి ఆటో దొరకలేదు. నన్నడిగితే సాయంత్రం దాకా పోలింగ్ ఉండాలి. లెక్కింపు మరునాడు పెట్టుకుంటే కొంపలేమీ మునగవు.

ఆ మధ్యాహ్నమే లెక్కించారు. వదిన ఓడిపోయింది, రెండో స్థానంలో నిలిచింది.

ఓడినవాళ్లు కూడా 45 రోజుల్లోపు ఎంపీడీవో కార్యాలయంలో ఖర్చుల లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత వేటు పడుతుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. ముఖ్యంగా ఓడిన ఆడవాళ్లకు ఎవరూ చెప్పరు. నేను పుస్తకంతో సహా వెళ్తే గుమాస్తా, "ఓడిపోయారు కదమ్మా, ఇంత వివరం ఎందుకు?" అన్నాడు. ఐదేళ్ల తర్వాత మళ్లీ వస్తాం కదా అని చెప్పి ముట్టినట్టు రసీదు తీసుకున్నాను.

తర్వాత సమాచార హక్కు చట్టం కింద 5 రూపాయలు కట్టి, గెలిచినవారి లెక్క నకలు అడిగాను. వచ్చింది. కరపత్రాలు, మైకు, టీలు ఉన్నాయి. సీసా ఒక్కటీ లేదు, కోడి అసలే లేదు. వాళ్ల టీ ఖర్చు మాకన్నా తక్కువ! సీసాల సంగతి నిరూపించే కాగితం మా దగ్గరా లేదు కాబట్టి ఫిర్యాదు చేయలేదు. నకలు మాత్రం దాచాను.

2018లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలి. వదిన ఒక్కటీ మానలేదు. కుర్చీలో సర్పంచమ్మ, పక్కన ఆమె భర్త. వదిన ప్రతి ప్రశ్నా సర్పంచమ్మనే అడిగేది. భర్త జవాబు చెబితే, "అన్నా, నేను అడిగింది అక్కను" అని మళ్లీ మొదటినుంచి అడిగేది. కొన్నాళ్లకు మోరీ పని ఎందుకు ఆగిందని అడిగినప్పుడు సర్పంచమ్మ తనే లేచింది. చెక్కు మీద తనతోపాటు ఉపసర్పంచ్ కూడా సంతకం పెట్టాలని, ఆయన పెట్టడం లేదని సభలో అందరి ముందూ చెప్పింది. భర్త ఆమె వైపు చూశాడు. వదిన ఉపసర్పంచ్ వైపు తిరిగి, "మరి మీరు చెప్పండి బావా" అంది.