ర్యామ్ ఎక్కువుందని రేటు తగ్గించారు: ల్యాప్‌టాప్ మార్చిన నా అనుభవం

కొత్త ల్యాప్‌టాప్ నిన్న ఇంటికొచ్చింది. పాతది అమ్మేటప్పుడు పడ్డ మంట ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా. ఇంకో వారం పోతే "పోనీలే" అనేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

మాది నెల్లూరు, వేదాయపాళెం. రొయ్యల మేత డీలర్లకీ, కొన్ని మందుల షాపులకీ ఇంట్లో కూర్చునే ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు చేస్తుంటాను. పాతది 2019లో కొన్నది, ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్. 4 జీబీ ర్యామ్ మదర్‌బోర్డుకే అతికి ఉండేది, ఇంకో 4 స్లాట్‌లో. మధ్యలో ఆ స్లాట్‌లోది తీయించి 8 వేయించా, హార్డ్‌డిస్క్ తీసేసి, దానికంటే వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ పెట్టించా. ఈ రెండింటితో ఇన్నేళ్ళూ బ్రహ్మాండంగా లాగింది. ఇప్పుడు బ్యాటరీ గంట కూడా ఆగడం లేదు. 20వ తేదీ జీఎస్టీ నెలవారీ 3బి రిటర్ను వేసేటప్పుడు కరెంటు పోయిందా, ఇక నా టెన్షన్ చూడాలి. సరే, మార్చేద్దామనుకున్నా.

మా తమ్ముడు "మ్యాక్‌బుక్ తీసుకో అక్కా, రీసేల్ బాగుంటుంది" అని ఒకటే పోరు. రీసేల్ సంగతి నిజమే, కాదనను. కానీ ట్యాలీకి విండోస్ కావాలి. పైగా మ్యాక్‌లో ర్యామ్ ప్రాసెసర్‌తో కలిపే వస్తుంది, కొన్న రోజు ఎంతో అమ్మే రోజూ అంతే. రేటు పెరుగుతుందని కొని పెట్టుకోవడానికి ఇదేమన్నా బైపాస్ పక్కన ప్లాటా?

ట్రంకు రోడ్డులో ఒక షాపువాడు ఎక్స్‌ఛేంజికి మూత కూడా తెరవకుండా నాలుగు వేలన్నాడు. దండం పెట్టి వచ్చేశా.

అసలు కథ పాత ల్యాప్‌టాప్‌లు కొనే ఆన్‌లైన్ కంపెనీతో. పేరు రాయను. ఫోన్‌లో మోడల్ కొట్టి, స్క్రీన్ బాగుంది, బిల్లుంది, ఛార్జరుంది అని నిజాలే నొక్కితే 13,500 చూపించింది. మర్నాడు మధ్యాహ్నం ఒక అబ్బాయి వచ్చాడు. మంచినీళ్ళిచ్చా. ల్యాప్‌టాప్‌ని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, ఫోన్ టార్చి అడ్డంగా పట్టుకుని, అంచులన్నీ ఒక్కొక్కటే చూస్తూ మూత మడతల దగ్గర గోటితో గీకుతున్నాడు. ఇంతలో ఎదురింటి పిన్ని పెరుగు తోడుకని గిన్నె పట్టుకొచ్చి అక్కడే నిలబడిపోయింది.

"మేడం, మా దాంట్లో ఈ మోడల్‌కి 8 జీబీ ఉంది. ఇక్కడ 12 చూపిస్తోంది."

"అవును, నేనే వేయించా."

"అంటే ఓపెన్ చేశారన్నమాట" అని ఫోన్‌లో ఏదో నొక్కాడు. రేటు తగ్గింది. నా కళ్ళముందే! డబ్బులు పోసి ర్యామ్ పెంచితే, స్క్రూలు ఊడదీశారని కోత. హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ ఉండటం కూడా తప్పేనట, "కంపెనీది కాదు కదా మేడం" అని ఇంకో నొక్కు.

తర్వాత బిల్లు అడిగాడు. అది మా ఆయన షాపు పేరు మీద తీసుకున్న జీఎస్టీ బిల్లు. "పేరు వేరే ఉందే, ఆయన లెటర్ ఇస్తారా? ఇది ఎవరి ల్యాప్‌టాప్?" అన్నాడు. నా ఇంట్లో, నా టేబుల్ మీద ఉన్న వస్తువు ఎవరిదని! పిన్ని గిన్నె కింద పెట్టి "ఏందమ్మాయ్, పోలీసోళ్ళా?" అంది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. "విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది మేడం, దీనికి 11 రాదు" అంటూ మళ్ళీ మొదలుపెట్టాడు. 2025 అక్టోబర్ 14తో 10 కథ ముగిసిన మాట నిజమే. కానీ ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి 11 వస్తుంది, నా దాంట్లో నడుస్తోంది కూడా. సెట్టింగ్స్ తెరిచి చూపించా. చూశాడు, మాట్లాడలేదు, రేటు మాత్రం పెంచలేదు. చివరికి 6,200. అబ్బాయిని అని లాభం లేదు, వాడి ఫోన్ ఏం చెబితే వాడు అదే చెప్పాలి. ముందు పెద్ద అంకె చూపించి ఇంటికొచ్చాక కోసే ఆ పద్ధతి పెట్టినవాళ్ళని అనాలి. వద్దని పంపించేశా.

నేను లెక్కలు చూసే మనిషిని, అంత తేలిగ్గా వదలను. తీసేసిన పాత 4 జీబీ ముక్కని ఇన్నాళ్ళూ డబ్బాలో దాచి ఉంచా. నా క్లయింట్ల వాట్సాప్ గ్రూపులో రెండు రేట్లు పెట్టా: 12 జీబీతో 14 వేలు, పాత ముక్క వేసి 8తో 11 వేలు. బ్యాటరీ పరిస్థితి దాచలేదు, విండోస్ తీసిచ్చే బ్యాటరీ రిపోర్టే ఫొటో తీసి పెట్టా. కోవూరు నుంచి బీకాం చదివే కుర్రాడు వాళ్ళ మామతో వచ్చి 12ది తీసుకున్నాడు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ రేట్లు మండుతున్నాయని వాడికి బాగా తెలుసు. ఇచ్చేముందు డ్రైవ్ పూర్తిగా తుడిచేసేలా రీసెట్ కొట్టా, అది మర్చిపోకండి. మీరు పెంచిన ర్యామ్‌కి, వాడుకునే మనిషైతే విలువిస్తాడు, కంపెనీలు ఇవ్వవు. కంపెనీకే ఇవ్వాల్సొస్తే పాత ముక్క పెట్టేసి, మీ ర్యామ్ మీరు తీసుకోండి.

ఇక కొనడం. "ర్యామ్ స్లాటుందా? రెండో ఎస్ఎస్‌డీకి చోటుందా?" అంటే సేల్స్ అబ్బాయి "కొనకముందే మార్చడం గురించి ఏంది మేడం" అని నవ్వాడు. వాడు చూపించిన సన్నటి, అందమైన మోడల్‌లో ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామ్, మొత్తం బోర్డుకే అతికి ఉంటుంది. కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్ చూస్తే తెలిసిపోతుంది, షాపువాళ్ళని అడగడం దండగ. కాస్త లావుగా ఉన్నా ఒక స్లాటు ఖాళీగా ఉన్న 16 జీబీది తీసుకున్నా. ఇందులో పడేది డీడీఆర్5 రకం ర్యామ్, పాత డీడీఆర్4 ముక్కలు దీనికి సరిపోవు.

బిల్లు ఈసారి నా పేరు మీదే. అందులో సీరియల్ నంబర్ లేకుండా ప్రింట్ తీసిచ్చాడు, "వారంటీకి ఆన్‌లైన్‌లో ఉంటుందిలే మేడం" అంటూ. డబ్బాలోంచి ల్యాప్‌టాప్ తీసి తిరగేసి నంబర్ చదివి చెప్పా, మళ్ళీ ప్రింట్ తీయించా, అప్పుడు కొట్టా డబ్బులు.