పిల్లల నోటిలో, దవడల్లో వచ్చే గడ్డలూ పుండ్లూ

పిల్లల పెదవి మీద చిన్న గడ్డ లేచినా, చిగురు ఒక పక్క వాచినా తల్లిదండ్రుల మనసులో మొదట మెదిలే మాట క్యాన్సర్. నోటి వ్యాధులను నిర్ధారించే ప్రయోగశాలలో పనిచేస్తూ ఆ భయాన్ని తరచు చూస్తుంటాను కనుక, ఏ జబ్బు ఎంత ఎక్కువగా వస్తుందో ఇక్కడ వివరించదలచాను.

ఈ విషయంపై వచ్చిన అధ్యయనాల్లో చాలా భాగం బయాప్సీకి అందిన ముక్కలను లెక్కించినవే. నోటి పూత, పసిపిల్లల నాలుక మీద కట్టే తెల్లపూత, హెర్పిస్ వైరస్ వల్ల జ్వరంతో పాటు వచ్చే పుండ్లు చూడగానే గుర్తుపట్టగలిగినవి కాబట్టి వాటిని ఎవరూ కోసి పరీక్షకు పంపరు. అప్పుడే పుట్టిన శిశువుల్లో సగానికి పైగా అంగిలి మీద కనిపించే తెల్లటి గింజలు కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. పిల్లల నోళ్లలో నిజంగా ఎక్కువగా ఉండేవి ఇవే అయినా, మా రికార్డుల్లో వీటి జాడ దాదాపు ఉండదు.

ప్రయోగశాలకు వచ్చేవాటిలో, మెత్తటి కణజాలం వరకు, సాధారణంగా మ్యూకోసీల్‌దే మొదటి స్థానం. కింది పెదవిని కొరుక్కోవడం వల్ల చిన్న లాలాజల నాళం తెగి, లాలాజలం లోపలే చేరి నీలిరంగు బుడగలా ఉబ్బుతుంది. దవడ ఎముకలో ఎక్కువగా కనిపించేవి తిత్తులు: పుచ్చి చచ్చిపోయిన పంటి వేరు దగ్గర ఏర్పడేది ఒకటి, బయటికి రాని పంటి తల చుట్టూ పెరిగేది మరొకటి. మొదటిదాన్ని పిప్పి పన్నుకు సకాలంలో చికిత్స చేయించి చాలావరకు నివారించవచ్చు. ఈ లెక్కలన్నిటిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. పంటి కణజాలం నుంచి పుట్టే కణితుల్లో ఓడొంటోమా తరచు ముందుంటుంది. రావలసిన శాశ్వత దంతం ఎంతకీ రాకపోతే ఎక్స్‌రే తీసినప్పుడు అది బయటపడుతుంది.

అంకెలు ఒక అధ్యయనానికీ మరొకదానికీ పొసగకపోవడానికి కారణాలున్నాయి. కొందరు 14 ఏళ్ల వరకే పిల్లలుగా లెక్కిస్తే, మరికొందరు 18 వరకు తీసుకుంటారు. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దవడ ఎముకలో వచ్చే కెరటోసిస్ట్ అనే తిత్తిని కణితుల జాబితాలో చేర్చి, 2017లో తిరిగి తిత్తుల్లోకి మార్చింది. ఆ మధ్యకాలపు అధ్యయనాల్లో కణితుల వాటా ఎక్కువగా కనిపించడానికి పిల్లల్లో వచ్చిన మార్పేదీ కారణం కాదు.

ఇక క్యాన్సర్లు చాలా ప్రయోగశాలల లెక్కల్లో నూటికి ఐదు కూడా ఉండవు. అయితే ప్రాంతాన్ని బట్టి ఇదీ మారుతుంది. ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ 1958లో పిల్లల దవడ కణితులను వర్ణించాడు. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తోనూ మలేరియాతోనూ ముడిపడిన ఆ లింఫోమా (తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్) భూమధ్యరేఖకు దగ్గరలోని ఆఫ్రికా దేశాల్లో నేటికీ పిల్లల దవడలను పట్టి పీడిస్తోంది.

అరుదైనవే అయినా, రెండు వారాలు దాటినా మానని పుండు, వారాల్లోనే పెరిగే వాపు, ఊడే వయసు కాకముందే కదిలే పళ్లు, పెదవి మొద్దుబారడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా దంతవైద్యులకు చూపించండి. తీసిన గడ్డ ఎంత చిన్నదైనా పరీక్షకు పంపమని అడగండి.