24 పేజీల్లో ఒక బండ

మా అమ్మాయికి నాలుగో ఏడు వచ్చినప్పటి నుంచి, రాత్రి భోజనాలయ్యాక ఒక బొమ్మల పుస్తకం చదవడం మా ఇంట్లో అలవాటు. ఆదివారాల్లో అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల గుట్టల్లో వెతికి కొన్నవి కొన్ని, ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనలో సంచి నిండా మోసుకొచ్చినవి కొన్ని. పిల్లకంటే నాకే ఆ పిచ్చి ఎక్కువని మా అత్తయ్య అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

మౌలాలీలో మా కాలనీ చివర, పడుకున్న ఏనుగులా ఒక పెద్ద బండ ఉంది. ఒకనాడు మా అమ్మాయి దాన్ని చూపించి, "దీని కథ ఏ పుస్తకంలో ఉందమ్మా?" అని అడిగింది. ఎక్కడా లేదు కాబట్టి నేనే రాయడానికి కూర్చున్నాను. మా హైదరాబాదు నగరం కింది గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళన్న ఉత్సాహంలో, డైనోసార్లు మొదలుకొని కుతుబ్‌షాహీల మీదుగా 1908 నాటి మూసీ వరద దాకా అన్నింటినీ ఆ బండకు చూపించి, ఐదు పేజీలు నింపాను. చదివి వినిపిస్తే రెండో పేజీ సగంలో మా అమ్మాయి మంచం దిగి, మంచినీళ్ళు తాగడానికి వెళ్ళి, మళ్ళీ రాలేదు.

అప్పుడు నేను చేసిన తెలివైన పని ఒక్కటే. ఆరు ఏ4 కాగితాలను మధ్యకు మడిచి, దారంతో కుట్టి, 24 పేజీల నమూనా పుస్తకం తయారు చేసుకున్నాను. మొదటి రెండు పేజీలు పుస్తకం పేరుకూ ప్రచురణ వివరాలకూ పోతే, కథకు మిగిలేవి మూడో పేజీ, ఎదురెదురు పేజీల జంటలు పది, చివరి పేజీ మాత్రమేనని దానితో తెలిసింది. పేజీ తిప్పే ముందు పిల్ల చెయ్యి కాగితం అంచు మీద ఆగే ఆ క్షణంలోనే కథంతా ఉంటుందని, ఏళ్ళ తరబడి చదివి వినిపించినా, నా చేతి కుట్టు పుస్తకం తిప్పేదాకా నాకు తట్టలేదు. బండ వెనకనుంచి ఏదో చప్పుడు వినిపించడం కుడి పేజీలో ఉండాలి. అది కుక్కపిల్ల అని తెలియడం పేజీ తిప్పాకే జరగాలి. ఈ లెక్కన తీసేస్తూ పోగా ఐదు పేజీల కథ 36 వాక్యాలకు దిగింది. డైనోసార్లు పోయాయి, కుతుబ్‌షాహీలూ పోయారు, వరద మాత్రం ఒక బొమ్మలో మిగిలింది.

బొమ్మలు వేసిన అమ్మాయి మాసాబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి బయటికొచ్చిన చిత్రకారిణి. మొదటి చిత్తు బొమ్మలు చూపిస్తూ ఆమె, "అక్కా, 'బండ ఏనుగులా ఉంది' అని మీరు రాస్తే ఇక నేను వెయ్యడమెందుకు?" అని అడిగింది. ఆ వాక్యం కొట్టేశాను. బొమ్మల మీద హక్కులు ఆమెవేనని ముందే కాగితం మీద రాసుకోవడం వల్ల తరువాత మా మధ్య ఏ మాటా రాలేదు.

ఒక ప్రచురణ సంస్థకు పంపి ఏడు నెలలు ఎదురుచూసినా జవాబు రాకపోవడంతో, సొంతంగానే అచ్చు వేయాలనుకున్నాను. ఐఎస్‌బీఎన్ కోసం, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య కోసం, దాన్ని జారీచేసే రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే చాలు, రుసుము లేదు. శీర్షిక పేజీ స్కానింగు మసకగా పంపడం నా పొరపాటు, దాంతో రెండోసారి పెట్టాల్సి వచ్చింది.

అసలు తిప్పలు డీటీపీ దగ్గర, అంటే అచ్చుకోసం కంప్యూటర్లో పేజీలు కూర్చేచోట, మొదలయ్యాయి. నేను యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చినదాన్ని వాళ్ళు తమ పాత ఫాంటులోకి మార్చినప్పుడు కొన్ని ఒత్తులు ఊడిపోయాయి. నేను మూడుసార్లు దిద్దినా నా కంటికి ఆనలేదు. అక్షరాలు అప్పుడే కూడబలుక్కుంటున్న మా అమ్మాయి ప్రూఫు మీద వేలు పెట్టి "అ... మ... మ" అని చదివి, "అమమ ఎవరమ్మా?" అంది. అది అమ్మమ్మ. పెద్దవాళ్ళం మాటను మొత్తంగా చూసి చదివేస్తాం, పిల్లలు ఉన్న అక్షరమే చదువుతారు. అక్షరాలు 20 పాయింట్ల సైజులో ఉండాలని, పంక్తి చివర మాటను విరిచి కింది పంక్తిలోకి నెట్టవద్దని, పైవరుస ఒత్తులు కిందివరుస గుడులకు తగలకుండా ఎడం ఉంచాలని పట్టుబట్టినందుకు ఆపరేటరు గారు నా మీద కాస్త విసుక్కున్నారు.

తెరమీద నారింజ రంగులో మెరిసిన తెల్లవారుజాము, అచ్చు ప్రూఫులో ఇటుకపొడిలా దిగింది. తెర చూపించే రంగులన్నీ నాలుగు సిరాలతో రావని అప్పుడు తెలిసి, ఆ రెండు పేజీలకు రంగులు మళ్ళీ సరిచేయించాము. ఐదు వందల కాపీలు చాలన్నాను. ప్రెస్సు ఆయన, "అచ్చు ప్లేట్ల ఖర్చు ఎన్ని కాపీలు కొట్టినా అంతే పడ్తది మేడం, వెయ్యి కొట్టించుకోండి" అన్నారు. మాట నిజమే. మిగిలిన కాపీలు ఇప్పటికీ మా దీవాన్ కింద ఉన్నాయి. అచ్చయిన పుస్తకాలు గ్రంథాలయాలకు అందాలన్న 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక కాపీ పంపిన రోజు మాత్రం, తపాలా కార్యాలయంలో ఆ రసీదును ఫోటో తీసుకున్నాను.

పుస్తకం వచ్చాక మా అమ్మాయి దాన్ని అత్తయ్యకు చదివి వినిపిస్తుండగా వంటింట్లోంచి విన్నాను. నాలుగో పేజీ దగ్గర ఆగి, "బండ ఏనుగులా ఉంది" అని చదివి, పేజీ తిప్పింది. అచ్చులో ఆ వాక్యం లేదు. రోజూ అలాగే చదువుతోంది. రెండో ముద్రణంటూ వస్తే దాన్ని తిరిగి పెట్టాలా అని చిత్రకారిణిని అడిగాను. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.