బూజు పట్టిన చెక్క, పాలలో విషం

చెమ్మ తగిలిన వేరుశనగ చెక్క, పత్తి చెక్కల్లో (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లటాక్సిన్ బి1 అనే విషం పుడుతుంది. గేదె తిన్నాక కాలేయం దాన్ని ఎం1 అనే మరో రూపంలోకి మారుస్తుంది. ఒక్క రోజులోపే అది పాలలోకి దిగుతుంది. తిన్న విషంలో 1–2 శాతమే, ఎక్కువ పాలిచ్చే వాటిలో 6 శాతం దాకా. కిలో పాలలో 0.5 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశ నిబంధన. కాచినా పోదు. పనీర్‌లో ఇంకా చిక్కబడుతుంది.

బూజు చెక్కను ఎండబెట్టి, దులిపి గేదెలకు పెట్టేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి, బూజు రాలినా విషం చెక్కలోనే ఉంటుంది. మేపడం ఆపితే 3–4 రోజుల్లో పాలు తేరుకుంటాయి. బస్తాలను బల్లల మీద, గోడకు ఎడంగా పేర్చండి. అడుగు బస్తాలోని చెక్కను విరిచి చూడండి. ముక్కిన వాసన వస్తే పారేయండి. ఒట్టిపోయిన గేదెకూ పెట్టొద్దు, దాని కాలేయం దెబ్బతింటుంది.