ఒకే కంప్యూటర్, రెండు వేర్వేరు జబ్బులు

మా ఇంట్లో ఉన్నది రెండో తరం కోర్ ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, రెండు 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ స్టిక్కులతో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఆ తరం ప్రాసెసర్లు 2011లో బజారులోకి వచ్చాయి కనుక దాని వయసు వేరే చెప్పనక్కర్లేదు. పిల్లల ప్రాజెక్టులకూ, బిల్లుల చెల్లింపులకూ, నా రాతపనికీ అది ఇప్పటికీ చక్కగా సరిపోతుంది. అయితే గత వేసవి నుంచి పని మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. ఒకసారి బ్లూ స్క్రీన్ (విండోస్ పెద్ద లోపంతో ఆగిపోయినప్పుడు చూపే నీలం తెర) వచ్చేది, మరొకసారి ఏ హెచ్చరికా లేకుండా ఠక్కున రీస్టార్ట్ అయ్యేది. దుకాణంలో చూపిస్తే, ఏమైందని కూడా అడగకుండా, ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్, అన్నీ పోతాయి’ అన్నారు. అన్నట్టే అన్నీ పోయాయి, క్రాష్‌లు తప్ప.

విండోస్‌ను మళ్లీ ఎక్కించిన తర్వాత కూడా అదే తీరులో క్రాష్ అవుతోందంటే లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉండే అవకాశం బాగా తగ్గినట్టే. ఆ ఫార్మాట్ వల్ల కలిగిన ప్రయోజనం అదొక్కటే. కాబట్టి విప్పడం, మార్చడం తర్వాత చూసుకోవచ్చని, ముందు యంత్రం తన గురించి తాను ఏం రాసి పెట్టుకుందో చూడదలిచాను. సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని స్టార్టప్ అండ్ రికవరీ విభాగంలో ‘ఆటోమేటిక్‌గా రీస్టార్ట్’ అనే గడిలోని టిక్కు తీసేస్తే, బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు అది మన కంటికి అందకుండా మాయం కాదు, మనం బటన్ నొక్కేదాకా నిలిచి ఉంటుంది. అంతకన్నా విలువైన సమాచారం విండోస్ తన సంఘటనలను రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో, విండోస్ లాగ్స్ కింద ఉండే సిస్టమ్ జాబితాలో దొరుకుతుంది. సక్రమంగా షట్‌డౌన్ కాకుండా కంప్యూటర్ ఆగి మళ్లీ లేచిన ప్రతిసారీ అక్కడ కెర్నెల్ పవర్ పేరుతో 41వ నంబరు ఈవెంట్ నమోదవుతుంది. చాలామంది ఆ పేరు చూసి, పవర్ అంటోంది కనుక కరెంటు సమస్యే అనుకుని అక్కడితో ఆగిపోతారు. నిజానికి ఆ ఈవెంట్ చెప్పేది ‘నేను సరిగా ఆగలేదు’ అన్న ఒక్క ముక్కే. ఎందుకు ఆగిందన్నది డీటెయిల్స్ ట్యాబ్‌లో ఉండే బగ్‌చెక్ కోడ్ అనే వరుసలో చూసుకోవాలి.

ఆ వరుసలో సున్నా ఉంటే, విండోస్‌కు తన లోపాన్ని రాసుకునే వ్యవధి కూడా దొరకలేదని అర్థం. విద్యుత్తు ఒక్కసారిగా తెగిపోయినప్పుడో, యంత్రం పూర్తిగా బిగుసుకుపోయి మనమే బటన్ నొక్కి ఆపినప్పుడో అలా జరుగుతుంది. సున్నా కాక వేరే అంకె ఉంటే అది బ్లూ స్క్రీన్ కోడ్. అయితే బ్లూ స్క్రీన్ కోడ్‌లను మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు ఆధారంగా ఉండే లెక్కలో రాస్తారు, ఇక్కడ మాత్రం దశాంశ సంఖ్యగా కనిపిస్తుంది: 10 అంటే ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, 26 అంటే మెమరీ మేనేజ్‌మెంట్, 80 అంటే పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. మా జాబితాలో కొన్ని సున్నాలు, కొన్ని 26లు, అక్కడక్కడా 80 కనిపించాయి. వాటి పక్కనున్న సమయాలను ఆ వేళ మేము చేస్తున్న పనులతో పోల్చి చూస్తే విషయం తేటపడింది. సున్నాలన్నీ వీడియో కాల్ మొదలైనప్పుడో, వీడియో ఫైలును కన్వర్ట్ చేస్తున్నప్పుడో పడినవి. మిగిలినవి బ్రౌజర్‌లో ట్యాబ్‌లు ఎక్కువై ర్యామ్ దాదాపు నిండిన సమయంలో వచ్చినవి. అంటే ఇది ఒక రోగానికి రెండు లక్షణాలు కాదు, ఒకే డబ్బాలో రెండు రోగాలు. ఒకే కారణం కోసం వెతికితే ఏ పరీక్ష ఫలితమూ రెండో దానితో పొసగక మనల్ని తికమక పెడుతుంది.

26లూ 80లూ మెమరీకి సంబంధించిన కోడ్‌లు కనుక ముందుగా ర్యామ్ సంగతి చూశాను. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచే కంప్యూటర్‌ను బూట్ చేసి, రాత్రంతా వదిలేశాను. ఇది విండోస్‌తో సంబంధం లేకుండా నడుస్తుంది కనుక డ్రైవర్ల (పరికరాలను నడిపించే ప్రోగ్రామ్‌ల) మీద అనుమానానికి తావుండదు. తెల్లవారి చూస్తే తెర కింది భాగమంతా ఎర్రటి వరుసలు. మెమరీ పరీక్షలో ఒక్క ఎర్రర్ వచ్చినా వచ్చినట్టే, దానికి పాస్ మార్కులంటూ ఉండవు. కానీ తప్పు స్టిక్కుదో స్లాటుదో తేలాలి కదా! అందుకని ఒక్కో స్టిక్కునూ ఒక్కో స్లాటులో విడిగా పెట్టి పరీక్షను మళ్లీ నడిపాను. మెకానిక్కులు చేసే రబ్బరు వైద్యం, అంటే ర్యామ్ బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించడం, అది కూడా చేశాను. కాంటాక్టుల మీద మురికి పడితే అది నిజంగానే పనిచేస్తుంది, చిప్పే చెడితే ఎంత రుద్దినా ప్రయోజనం లేదు. ఒక స్టిక్కు ఏ స్లాటులో పెట్టినా ఎర్రర్లు ఇచ్చింది, రెండోది ఎక్కడా ఇవ్వలేదు. అలా చెడ్డ స్టిక్కు తేలిపోయింది, దాన్ని తీసేశాక 26లూ 80లూ ఆగిపోయాయి.

సున్నాలు మాత్రం ఆగలేదు. ఎండాకాలం కాబట్టి ఇంట్లో అందరూ వేడినే అనుమానించారు. ప్రాసెసర్ ఫ్యాన్ దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాసి చూస్తే, పూర్తి లోడులో కూడా ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటలేదు. పైగా ప్రాసెసర్ మరీ వేడెక్కితే ముందు తన వేగాన్ని తగ్గించుకుంటుంది, ఠక్కున ఆరిపోవడం ఆఖరి మెట్టు. హార్డ్ డిస్క్‌ను దాని ఆరోగ్యం చెప్పే క్రిస్టల్ డిస్క్ ఇన్‌ఫో ప్రోగ్రామ్‌తో చూస్తే రీఅలొకేటెడ్ (చెడిపోయి పక్కన పెట్టిన), పెండింగ్ (చెడిపోయాయన్న అనుమానమున్న) సెక్టార్లు రెండూ సున్నాలే. బోరు మోటారు వేసినప్పుడు లైట్లు మసకబారడం మా వీధిలో మామూలే కనుక యూపీఎస్‌ను కూడా అనుమానించాను, కానీ మోటారు వేయని వేళల్లోనూ క్రాష్ తప్పలేదు.

మిగిలింది ఎస్‌ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును కంప్యూటర్ భాగాలకు కావలసిన వోల్టేజీలుగా మార్చి ఇచ్చే పెట్టె. క్యాబినెట్‌తో పాటు ఇచ్చే చవక రకం అది. స్టిక్కర్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లని ఉంది, కింద చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల వరుసకు (ఆ వోల్టేజీ ఇచ్చే సరఫరాకు) 14 ఆంపియర్లని ఉంది. గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసర్‌కు కావలసిన విద్యుత్తు ఆ వరుస నుంచే వస్తుంది కనుక కొనేటప్పుడు చూడవలసింది ఆ చిన్న అక్షరాలనే. ఖాళీగా వేలాడుతున్న నాలుగు పిన్నుల కనెక్టర్‌లో పసుపు తీగకూ నల్ల తీగకూ మల్టీమీటర్ పుల్లలు ఆనిస్తే, కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు 12 వోల్టులకు అటూ ఇటూగా చూపించింది. వీడియో కన్వర్షన్ మొదలుపెట్టగానే అంకె జారుతూ 11.3 దాకా దిగింది, ఇంకాసేపటికి తెర నల్లబడి రీస్టార్ట్ అయింది. ఎస్‌ఎంపీఎస్‌లకు వర్తించే ఆనాటి ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఈ వరుసలో అయిదు శాతం తేడానే చెల్లుతుంది, అంటే 11.4 నుంచి 12.6 వోల్టుల వరకు. మల్టీమీటర్ నిదానంగా కొలిచే సాధనం, క్షణకాలపు పతనాలను అది పట్టలేదు. కాబట్టి అసలు వోల్టేజీ అంతకన్నా కిందికే పడి ఉంటుంది. సరఫరా అలా హద్దు దాటినప్పుడు ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు వెళ్లే ‘పవర్ గుడ్’ సంకేతం తెగిపోతుంది, బోర్డు వెంటనే రీసెట్ అవుతుంది. విండోస్‌కు ఒక్క ముక్క రాసుకునే వీలు కూడా లేకపోవడానికి కారణమిదే.

ఎస్‌ఎంపీఎస్ విప్పి కెపాసిటర్లు మార్చుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. నేను ఆ పని చేయలేదు, తెలియనివారు చేయకూడదని కూడా నా అభిప్రాయం. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చి నిలువ ఉంచే లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ పీకిన తర్వాత కూడా కొంతసేపు అది అందులోనే ఉండిపోవచ్చు. 12 వోల్టుల వరుసకు 30 ఆంపియర్లకు పైగా ఇవ్వగల కొత్త యూనిట్ కొని బిగించాను, దానితో పాటే ఒక 4 జీబీ ర్యామ్ కూడా వేశాను. కొత్త ర్యామ్‌ను కూడా ఒక రాత్రి మెమ్‌టెస్ట్‌లో ఉంచిన తర్వాతే విండోస్ తెరిచాను.

ఆ తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో 41వ నంబరు మళ్లీ ఒకసారి కనిపించింది. గాలివానకు మా వీధి కరెంటు పోయి, నేను ఇంట్లో లేని వేళ యూపీఎస్ బ్యాటరీ కూడా దిగిపోయిన రోజది. బగ్‌చెక్ కోడ్ సున్నానే, సమయం కూడా సరిపోయింది.