మళ్లీ కలిసిన అన్నదమ్ముల పాట

రాత్రి నిద్రపట్టక, అన్నదమ్ముల బ్యాండ్ బీజీస్ పాట 'హౌ కెన్ యూ మెండ్ ఎ బ్రోకెన్ హార్ట్' పెట్టుకున్నాను. ఎన్నోసార్లు విన్నదే. దాని వెనక కథ తెలిశాక మాత్రం గొంతు పట్టేసింది.

ఎవరు పాడిన పాట సింగిల్‌గా, అంటే విడి పాటగా, రావాలన్న గొడవలో, 1969లో తమ్ముడు రాబిన్ అలిగి బ్యాండ్ వదిలేశాడు. ఏడాదికి పైగా ఎవరి దారి వాళ్లదే. 1970లో కలిశాక అన్న బ్యారీతో కూర్చుని రాసిన మొదటి పాటల్లో ఇదొకటి. 1971లో అమెరికాలో వాళ్లకి తొలి నంబర్ వన్ ఇదే. ముందు రాబిన్ గొంతు సన్నగా వణుకుతూ మొదలవుతుంది, పల్లవికి బ్యారీ అందుకుంటాడు. అక్కడే నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఇల్లు పంచుకున్నప్పటినుంచి అన్నయ్యకీ నాకూ మాటల్లేవు. మూడేళ్లు. పొద్దున్నే ఫోన్ చేశాను.

"టిఫిన్ చేశావారా?" అన్నాడు.